విప్పని ఇంజను

పాత బండ్లు కొనేవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా పాతుకొని ఉంది. ఇంజను విప్పని బండే మంచి బండి. కంపెనీలో బిగించిన బోల్టు అట్లాగే ఉంటే ఆ బండికి తిరుగులేదనీ, దాని మీద ఒక్కసారి పానా పడిందంటే ఇక ఆయుష్షు మెకానిక్కుల చేతిలోకి పోయినట్టేననీ అమ్మేవాడూ అంటాడు, కొనేవాడూ అంటాడు. ఈ మాటను పరీక్షించి చూసినవాళ్లు లేరు. పరీక్షించాలంటే ఇంజను విప్పాలి. విప్పితే అది విప్పని బండి కాకుండా పోతుంది.

మల్లేశం కూడా ఈ మాటను నమ్మినవాడే. ఆర్టీసీ డిపోలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి, హెడ్ మెకానిక్కుగా కిందటేడు రిటైరై, ఎల్.బి. నగర్ చౌరస్తాకు అవతల కొత్తగా లేస్తున్న కాలనీలో కట్టుకున్న మూడు గదుల ఇంట్లో ఉంటున్నాడు. కొడుకు భిక్షపతి పాత మారుతి కారు తెచ్చిన రోజున భార్య అనంతమ్మ దాని ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కడుతుంటే, నిమ్మకాయ బ్రేకు వేస్తదా అని నవ్వాడు. ఆ నవ్విన మనిషే బానెట్టు ఎత్తి, ఇంజను బోల్టుల మీద కంపెనీ రంగు చెక్కు చెదరకుండా ఉండటం చూసి, ఇక దీనికి ఢోకా లేదని తేల్చేశాడు.

భిక్షపతిది ప్లాట్లు అమ్మిపెట్టే పని. హయత్‌నగర్ దాటాక రోజుకొక పొలంలో రాళ్లు పాతి వెంచర్లు వేస్తున్న రోజులవి. కొనవచ్చేవాళ్లను స్కూటరు మీద ఎంతమందిని తిప్పగలడు? అందుకని ముగ్గురు యజమానుల చేతులు మారిన ఆ కారును ఒక దళారి ద్వారా తీసుకున్నాడు. బండితో పాటు సర్వీసు పుస్తకం రాలేదు. మీటరు నలభై ఒక్క వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మల్లేశం బయట కనబడే ఫ్యాను బెల్టు మార్చాడు, నూనె మార్చాడు, ప్లగ్గులు శుభ్రం చేశాడు. రిటైరయ్యాక ఇంట్లో తన మాట కోసం ఎవరైనా ఆగి చూడటం అదే మొదలు. కొడుకు పొద్దున్నే బయల్దేరేముందు, ఎట్లుంది నాయినా ఇయ్యాల చప్పుడు, అని అడిగేవాడు. మల్లేశం చెవి దగ్గరపెట్టి విని, పో, అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆయనకు రోజు మొదలయ్యేది.

1988 జూన్ మొదటి ఆదివారం నాడు కూడా అట్లాగే మొదలు కావలసింది. అయితే ఆ ఇంట్లో మూడు రోజులుగా ఎవరి మనసూ స్థిమితంగా లేదు. కోడలు స్వరాజ్యం తల్లి తిరుపతమ్మకు గురువారం నాడు ఎడమ కంటికి ఒక మూల నుంచి నల్లటి తెర దిగినట్టయింది. కుడికన్ను చిన్ననాడే అమ్మవారు పోసి పోయింది. నల్లగొండ డాక్టరు చూసి, లోపలి పొర ఊడుతోందనీ, నడిమి భాగం ఇంకా అంటుకొని ఉన్నది గనక ఆపరేషన్ చేస్తే చూపు నిలబడవచ్చుననీ చెప్పాడు. అది చేసే పెద్ద డాక్టరు హైదరాబాదులోని కంటి దవాఖానకు సోమవారం వస్తాడు. పదకొండు గంటలకల్లా అక్కడ ఉండాలి. అంతవరకు మంచం దిగగూడదు. బస్సు కుదుపులు తగలనీయకుండా, తల కదలకుండా పడుకోబెట్టి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాడు. తిరుపతమ్మ ఊరు చిట్యాల దగ్గర. కాబట్టి సోమవారం తెల్లవారుజామున కారు వెళ్లి ఆమెను తేవాలి. ఇంత వరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ జోగారావు దుకాణంలో పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బండ్ల విడిభాగాలు అమ్మే ఈ కోస్తా మనిషి తన కూతురిని, బడిలో లెక్కలు చెప్పే స్వరాజ్యం దగ్గరికి ట్యూషనుకు పంపుతాడు. శనివారం సాయంత్రం మాటల్లో కారు సంగతీ, ప్రయాణం సంగతీ రాగానే, బెల్టు ఎప్పుడు మార్చారని ఆయన అడిగాడు. ఫ్యాను బెల్టు మామగారు మార్చారని ఆమె చెప్పింది.

“అది కాదమ్మా. మిగతా బండ్లకి ఇంజను లోపల ఇనుప గొలుసు ఉంటుంది, ఈ కంపెనీ బండికి పళ్లున్న రబ్బరు బెల్టు ఉంటుంది. అరవై వేల కిలోమీటర్లకి మార్చేయాలి. తెగిందంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది, తెగేముందు అది చప్పుడు చెయ్యదు. పూర్వాపరాలు తెలియని బండి అయితే ముందు దాన్ని మార్పించుకుని, ఆ రోజు నుంచి లెక్క మొదలుపెట్టుకోవడమే,” అన్నాడు జోగారావు. తనకు తెలిసిన మెకానిక్కు పాండురంగానికి ఆ పని బాగా వచ్చనీ, ఆదివారమైనా తాను పిలిస్తే వస్తాడనీ, ఒక పూట పని అనీ చెప్పి కొత్త బెల్టు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ పొట్లాన్ని స్వరాజ్యం ఆదివారం ఉదయం చాయ్ గ్లాసుల పక్కన విప్పింది. మల్లేశం బెల్టును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

“ఇదేంది, కుట్టుమిషనుదా?”

స్వరాజ్యం నవ్వలేదు. జోగారావు చెప్పినదంతా ఒక్క మాట పోకుండా చెప్పింది. చెప్పి, రాత్రి తాను కారులో కూర్చొని చూసిన సంగతి కూడా చెప్పింది. బ్రేకు పెడలు రబ్బరు ఇనుము కనబడేంతగా అరిగిపోయింది. క్లచ్చుదీ అంతే. డ్రైవరు సీటు కుంగింది, పక్క సీటు కుంగలేదు. నలభై వేలు తిరిగిన బండికి ఇంత అరుగుదల ఎట్లా వస్తుందో తనకు లెక్క తేలడం లేదంది.

“మీటరు ఎనుకకు తిప్పిండ్రనుకో. ఎవరు తిప్పరు?” అన్నాడు భిక్షపతి. అతనికి మధ్యాహ్నం అబ్దుల్లాపూర్‌మెట్ వెంచరు చూడటానికి ఇద్దరు వస్తామన్నారు. బండి ఒక పూట విప్పి పెడితే ఆ బేరం పోతుంది.

మల్లేశం మాత్రం నిదానంగానే మొదలుపెట్టాడు. బస్సు ఇంజనులో పళ్లచక్రాలుంటాయనీ, అంబాసిడర్లో గొలుసు ఉంటుందనీ, ఇనుమును ఇనుమే తిప్పాలి గానీ రబ్బరు తిప్పదనీ చెప్పాడు. ఒకవేళ రబ్బరే ఉన్నా, రేపు ఇంత అవసరమైన ప్రయాణం పెట్టుకొని ఇయ్యాల నడిచే ఇంజనును విప్పేవాడు ఉంటాడా అని అడిగాడు. విప్పిన ఇంజను మొదటి నూరు కిలోమీటర్లలోనే మొరాయిస్తుందని డిపోలో వందసార్లు చూశాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. స్వరాజ్యం కూడా ఆ సంగతి ఒప్పుకుంది.

“బోల్టులు చూసినవా బిడ్డా?” అన్నాడాయన, గెలిచినవాడి మెత్తదనంతో. “కంపెనీ రంగు గట్లనే ఉన్నది. ఇంతవరకు ఒక్కడు గూడ పానా పెట్టలే. ఇంజను విప్పలే.”

“విప్పలేదంటే లోపలిది మార్చలేదనే గద మామా.”

అనంతమ్మ గ్లాసులు తీయబోయి ఆగింది. స్వరాజ్యం గొంతు పెంచలేదు; నల్లబల్ల మీద ఒక్కొక్క మెట్టూ వేసినట్టే మాట్లాడింది.

“పెడలు జూస్తే బండి లక్ష దాక తిరిగినట్టున్నది. బెల్టు అరవై వేలకు మార్చాలె. రంగు చెదరలేదని మీరే అంటున్నరు. అంటే గా బెల్టు కంపెనీల ఏసిందే. మంచి బండి అనేటందుకు మీరు ఏది చూపిస్తున్నరో, నాకు అదే భయమైతున్నది.”

మల్లేశం ముఖంలో మెత్తదనం పోయింది.

“ముప్పై ఒక్క ఏండ్లు బండ్లు బాగు జేసిన. నా చేతికింద నేర్చినోళ్లు ఇయ్యాల డిపోలు నడుపుతున్నరు. సామాన్లు అమ్ముకునేటోడు బెల్టు అంటగడ్తే నువ్వు తెచ్చి నాకు పాఠం చెప్తవా? నా మాట మీద నమ్మకం లేకుంటే మీ అమ్మను బస్సుల తెచ్చుకో.”

ఆ చివరి మాట నోరు దాటాక ఆయనకే ఎక్కువనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. స్వరాజ్యం భర్త వైపు చూసింది. భిక్షపతి గ్లాసులోకి చూస్తూ, నాయిన చెప్పిండు గదా, ఊకో, అన్నాడు. ఆమె బెల్టును మళ్లీ కాగితంలో చుట్టి గూట్లో పెట్టింది. ఆ తర్వాత ఆ రోజంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి.

సాయంత్రం భిక్షపతి వెంచరు నుంచి తిరిగివచ్చాక మల్లేశం ఒక్కడే బయటికి వెళ్లి బానెట్టు ఎత్తాడు. కోడలు వేసిన లెక్కలో తప్పు వెతుకుతూ పగలంతా గడిపాడు, దొరకలేదు. ఇంజను పక్కనున్న రేకు మూతను వేలితో తట్టాడు. గొలుసు ఉన్నచోట నూనె బయటికి రాకుండా ఆ అంచు బిగుతుగా ఉండాలి. ఇక్కడ ఖాళీ ఉంది. ఆ సందులోంచి చూస్తే లోపల నల్లగా, పొడిగా, ఇనుము కానిది ఏదో ఒకటి కనబడింది.

మూత విప్పడం ఎంత పని. కాని విప్పాక బెల్టు తీస్తే పైచక్రం, కిందిచక్రం ఏ గుర్తుల దగ్గర నిలపాలో, ఆ గుర్తులు ఎక్కడ ఉంటాయో ఆయనకు తెలియదు. అటువంటి ఇంజనును ఆయన ఒక్కసారి కూడా విప్పలేదు. పాండురంగం అనే ఆ మనిషి వచ్చి విప్పుతుంటే తాను పక్కన నిలబడి దీపం పట్టుకోవాలి. కొడుకు చూస్తుంటాడు, కోడలు చూస్తుంటుంది. మల్లేశం బానెట్టు దించి, చేతులు కడుక్కొని లోపలికి వెళ్లాడు. ఎట్లుంది నాయినా అని భిక్షపతి అడిగితే, మంచిగున్నది, అన్నాడు.

సోమవారం అయిదున్నరకు బయల్దేరారు. భిక్షపతి నడిపాడు, మల్లేశం పక్కన కూర్చున్నాడు. పోవడం ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. తిరుపతమ్మను మంచంతోనే వాకిట్లోకి తెచ్చి, వెనక సీటులో ఒక పక్కకు పడుకోబెట్టారు. కూతురు తొడ మీద తల పెట్టుకొని, ఆమె కళ్లు మూసుకొని, రోడ్డు మంచిగున్నదా బిడ్డా, అని మాత్రం అడిగింది. ఏడున్నరకు తిరుగుముఖం పట్టారు. చౌటుప్పల్ దాటిన కొంతసేపటికి, ఎనిమిదింబావుకు, ఇంజను ఆగిపోయింది. దగ్గలేదు, ఊగలేదు. దీపం ఊదినట్టు ఆగింది.

కారును పక్కకు దొర్లించి భిక్షపతి తాళం తిప్పాడు. స్టార్టరు తిరిగింది. అది తిరిగిన తీరును మల్లేశం చెవిపెట్టి విన్నాడు. బరువు మోయని చక్రం తిరిగినట్టు, తేలిగ్గా, ఎక్కడా ఆనకుండా తిరుగుతోంది. ఆయన దిగి, ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా మూత తీసి, మళ్లీ తిప్పమన్నాడు. లోపలి ముల్లును తిప్పేది ఇంజను లోపలి బెల్టే; అది ఉంటే ముల్లు తిరగాలి. తిరగలేదు. ఇక చూడవలసింది ఏమీ లేదు. బండి ఆగి అయిదు నిమిషాలైంది.

“పెట్రోలే నాయినా. నిన్న ఆ బంకుల కల్తీది పోసిండ్రు,” అన్నాడు భిక్షపతి.

మల్లేశం అవుననలేదు, కాదనలేదు. భిక్షపతి పెట్రోలు గొట్టం ఊడదీసి నోటితో పీల్చాడు, ఊదాడు, మళ్లీ బిగించాడు, తాళం తిప్పాడు. మళ్లీ ఊడదీశాడు. మల్లేశం చేతులు కట్టుకొని పక్కన నిలబడ్డాడు. స్వరాజ్యం కిటికీలోంచి, ఏమైంది మామా, అని రెండుసార్లు అడిగింది. చూస్తున్నం, అన్నాడు. రెండు ఎక్స్‌ప్రెస్ బస్సులు హైదరాబాదు వైపు పోయాయి. వాటిని ఆయన చూశాడు. ఒక్క మాట అంటే అయిపోయేది. బెల్టు తెగింది, ఇది కదలదు, బస్సు ఆపుదాం, అంతే. ఆ మాట నాలుక దాకా వచ్చి, నిన్నటి చాయ్ గ్లాసుల దగ్గరికి పోయి ఆగింది. కొడుకు చేతులు పెట్రోలుతో తడిసి, బ్యాటరీ అయిపోయి స్టార్టరు మూలగడం మొదలయ్యేసరికి ముప్పావుగంట గడిచింది.

అప్పుడు మల్లేశం రోడ్డు మధ్యకు నడిచి, మూడో బస్సుకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. డ్రైవరు తిట్టబోయి, ఆయనను గుర్తుపట్టి, నమస్తే అన్నా, అన్నాడు. వెనక పొడవు సీటు ఖాళీ చేయించి తిరుపతమ్మను పడుకోబెట్టారు. వెనక సీటులో కుదుపు ఎంత ఉంటుందో మల్లేశానికి తెలుసు; ఆ బస్సుల స్ప్రింగు పట్టీలు బిగించిన చేతులవి. ప్రతి గుంతకూ స్వరాజ్యం తల్లి తలను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. కాలనీల కోసం తవ్విపోసిన మట్టి లారీలు హయత్‌నగర్ నుంచి రోడ్డంతా ఆక్రమించాయి. దవాఖాన చేరేసరికి పదకొండూ ఇరవై అయింది. ఆ రోజు ఆపరేషన్ల జాబితా పదకొండింటికే మూసేశారు. పెద్ద డాక్టరు మళ్లీ గురువారమే చేయగలడు.

రెండు కళ్లకూ కట్టు కట్టి తిరుపతమ్మను పడుకోబెట్టాక, చిన్న డాక్టరు స్వరాజ్యంతో మాట్లాడాడు. పొర నడిమి భాగం కూడా ఊడింది. అది పొద్దున ఊడిందో, బస్సులో ఊడిందో, ముందటి రోజే ఊడిందో చెప్పడం సాధ్యం కాదన్నాడు.

వరండాలో భిక్షపతి కోపంతో ఊగిపోతున్నాడు. పెట్రోలు బంకువాణ్ని వదలనన్నాడు, బండి అంటగట్టిన దళారిని వదలనన్నాడు. స్వరాజ్యం బెంచీ మీద కూర్చొని గోడకు తల ఆనించింది. ఆమె బెల్టు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే మల్లేశం బహుశా వాదించేవాడు. ఆయన కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

“బంకోడు ఏం జెయ్యలే. బెల్టు తెగింది.”

“నీకెట్ల తెలుసు? విప్పి చూడనే లేదు.”

“విప్పకున్న తెలుస్తది. బండి ఆగిన అయిదు నిమిషాలకే తెలిసింది.”

భిక్షపతికి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. స్వరాజ్యానికి వెంటనే అర్థమైంది. ఆమె తల ఎత్తింది.

“మేము ముప్పావుగంట ఆడ్నే ఉన్నం మామా.”

“ఉన్నం.”

“రెండు బస్సులు పోయినయి.”

“పోయినయి. నేను జూసిన. నీ లెక్క నిన్ననే సమజైంది నాకు. సాయంత్రం లోపలికి తొంగి జూసిన, నువ్వు చెప్పిందే ఉన్నది. గా పని నాకు రాదు బిడ్డా. గసువంటి ఇంజను నేనెన్నడు విప్పలే. రాదని చెప్పలేక మంచిగున్నదన్న.”

భిక్షపతి తండ్రి చెయ్యి భుజం మీది నుంచి తీసేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అది చాలాసేపు సాగింది. మల్లేశం ఎదురుగా నిలబడే ఉన్నాడు. కూర్చునే ధైర్యం లేదు, పోయే ధైర్యం లేదు. చివరికి ఆమె ముఖం తుడుచుకుంది.

“అమ్మకు నేను చెప్పను. మీరే చెప్పుండ్రి.”

చెప్పాడు. కట్టుకట్టిన ముఖం వైపు చూస్తూ, మంచం పక్కన నేల మీద కూర్చొని, ఆదివారం నుంచి జరిగినదంతా వరుస తప్పకుండా చెప్పాడు. బస్సుల సంగతి దాటెయ్యలేదు.

“నా కన్ను పోవాల్నని చేసినవా అన్నా?” అంది తిరుపతమ్మ చివరికి.

“లేదు చెల్లె.”

“మరింక ఏడ్వకు. నేను ఏడ్వొద్దని చెప్పిండ్రు, నువ్వేడిస్తే నాకు ఆగదు.” చెయ్యి చాపి గాలిలో వెతికింది, అది ఆయన తలకు తగిలింది. అక్కడే కాసేపు ఉంచింది. “బిడ్డ చెప్తే ఇనాలె. దాన్ని లెక్కలు చదివిచ్చింది ఎందుకు?”

గురువారం ఆపరేషన్ జరిగింది. ఆదివారం కారును లారీకి కట్టి దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయారు. తండ్రితో మాట్లాడని భిక్షపతి జోగారావు దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. పాండురంగం మొదటి బోల్టుకు పానా పెట్టి ఒత్తగానే పాత రంగు టప్పున పగిలింది. మూత తీస్తే బెల్టు అడ్డంగా తెగి, దారాలు వేలాడుతున్నాయి. మల్లేశం దీపం పట్టుకున్నాడు.

“నాకు రాదు,” అన్నాడు, అరుగు దాకా వినబడేటట్టు. “గుర్తులు ఎట్ల కలుపుతవో జర నిమ్మళంగ చూపియ్యి.”

పాండురంగం చూపించాడు. పైచక్రం మీద ఒక చుక్క, కిందిచక్రం మీద ఒక గాటు. రెండోసారి మల్లేశమే కలిపాడు. భిక్షపతి అరుగు దిగి వచ్చి, తండ్రి చేతిలోంచి దీపం తీసుకొని పట్టుకున్నాడు. కొత్త బెల్టు వేసి, మీటరు అంకె ఒక కాగితం మీద రాసి, బానెట్టు లోపల అంటించారు.

ఆపరేషన్ అయిన పదకొండో రోజున తిరుపతమ్మ కట్టు పూర్తిగా విప్పారు. స్వరాజ్యం రమ్మంటే మల్లేశం కూడా వెళ్లాడు. డాక్టరు మూడడుగుల దూరంలో రెండు వేళ్లు చూపితే రెండు అంది, నాలుగు చూపితే నాలుగు అంది. ఆరడుగుల దూరానికి జరిగి చూపితే చెప్పలేకపోయింది. చూపు ఇంతకంటే పెరగదని డాక్టరు చీటీలో రాశాడు. డాక్టరుతో కలిపి ఎదురుగా నిలబడ్డ ముగ్గురిలో కూతురు ఎవరో ఆమె గొంతు విన్నాకే పోల్చుకుంది.